షాక్ కాలర్ తగవు: 1961లోనే పందులు చెప్పిన సంగతి

వేట కంటపడగానే ఉరికే కుక్క ధ్యాసను మనవైపు తిప్పుకోవడం ఎలా? కుక్క మెడకు కట్టి, రిమోట్ నొక్కితే కరెంటు షాక్ ఇచ్చే షాక్ కాలర్ మీద మళ్లీ రాజుకున్న తగవంతా దీని చుట్టూనే. వేల్స్ ఆ కాలర్‌ను 2010లోనే నిషేధించింది. ఇంగ్లండ్‌లో 2024 ఫిబ్రవరి నుంచి రావాల్సిన నిషేధం రానేలేదు.

గంట మోగితే కుక్కకు నోరూరేలా చేసిన పావ్లోవ్, తిండి బహుమతిగా ఇచ్చి పావురాలకు పనులు నేర్పిన స్కిన్నర్ గురించి అందరూ విన్నదే. అసలు మలుపు 1961లో ఉంది. స్కిన్నర్ శిష్యులైన కెల్లర్, మేరియన్ బ్రెలాండ్ దంపతులు అప్పటికి 38 జాతుల్లో 6 వేలకు పైగా జంతువులకు శిక్షణ ఇచ్చారు. అంత అనుభవం ఉన్నవాళ్లు ఆ ఏడాది తమ వైఫల్యాలనే పరిశోధన పత్రంగా ప్రచురించారు. చెక్క నాణెం తెచ్చి డిబ్బీలో వేస్తే పందికి తిండి. మొదట్లో చకచకా చేసేది. వారాలు గడిచేకొద్దీ నాణేన్ని దారిలోనే పడేసి, ముట్టెతో కుమ్ముతూ, ఎగరేస్తూ ఉండిపోయేది. ఆకలి చాలడం లేదేమోనని ఇంకా మాడ్చి చూశారు. కుమ్మడం ఇంకా ఎక్కువైంది.

"ధ్యాస నిలవాలంటే ఖాళీ కడుపుతో తీసుకురండి" అనే ట్రైనర్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ పంది ప్రయోగం తెలిసినవారు అలా అనకూడదు. పుట్టుకతో వచ్చిన కోరికను ఆకలి గెలవలేదు. మరి ఆ కోరికనే బహుమతిగా ఇస్తే? దానికి దారి రెండేళ్ల ముందే, 1959లో, మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ ప్రెమాక్ చూపించారు: ఎక్కువ ఇష్టమైన పని, తక్కువ ఇష్టమైన పనికి బహుమతి అవుతుంది. పిలవగానే చూపు తిప్పిన కుక్కకు బిస్కెట్ బదులు, తాడుకు కట్టిన బొమ్మ వెంట పరుగు ఇవ్వాలి, అదీ ఆ క్షణంలోనే. ముందు ఖాళీ గదిలో, తర్వాత పెరట్లో, ఆపైన వేట చాలా దూరంగా కనిపించే చోట, కొద్దికొద్దిగా దూరం తగ్గిస్తూ. నెలలు పడుతుంది. కాలర్ వ్యాపారమంతా ఈ ఓపిక లేకపోవడం మీదే నడుస్తోంది.

కాలర్ పక్షం 2024లో 19 కుక్కలతో జరిగిన అధ్యయనాన్ని చూపుతోంది. కదిలే ఎరను తరమడం మానింది కాలర్ గుంపు మాత్రమే. నిజమే. కానీ మిగతా గుంపులకు బహుమతిగా ఇచ్చింది తిండి. లింకన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 63 కుక్కలతో చేసి 2020లో ప్రచురించిన పరిశీలనలో, కాలర్ లేకుండా బహుమతులతో నేర్చుకున్నవే పిలుపుకు త్వరగా స్పందించాయి. నిషేధం కోరేవారు కూడా బిస్కెట్ దగ్గరే ఆగిపోకుండా, కుక్కకు పరుగును బహుమతిగా ఇవ్వడం యజమానులకు నేర్పాలి.