వెదికేవాళ్లతో మాట్లాడేటప్పుడు: అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లో ఒక చిన్న సంఘానికి పాస్టర్‌ని. ఆరాధన అయ్యాక ఆగి "ఒక్క మాట అడగొచ్చా అండీ" అనేవాళ్ల కోసం ఆదివారం మధ్యాహ్నం వేరే పని పెట్టుకోను. వాళ్లలో వేరే మతాలవాళ్లు ఉంటారు, ఏ మతమూ వద్దనుకున్నవాళ్లు ఉంటారు, మన సండే స్కూల్లోనే పెరిగి దూరమైనవాళ్లూ ఉంటారు.

అపోహ: అడిగిన వెంటనే ఒక వాక్యం చూపిస్తే చాలు.

వాస్తవం: ఈ తప్పు నేనే చేశాను. ఓ ఆదివారం ఒక కుర్రాడు కుర్చీలన్నీ సర్దేదాకా చేతిలో హెల్మెట్‌తో గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "మా అమ్మ కోసం ఇంటిల్లిపాదీ ఉపవాసముండి ప్రార్థన చేశాం. అయినా పోయింది. ఎందుకండీ?" అన్నాడు. నేను బైబిల్ తీసి రోమా 8:28 చదివాను, దేవుణ్ని ప్రేమించేవాళ్లకు అన్నీ కలిసి మేలుకే జరుగుతాయనే వాక్యం. తలూపి వెళ్లిపోయాడు. వాళ్లమ్మ పేరేంటని కూడా నేను అడగలేదు. చనిపోయిన తన స్నేహితుడు లాజరును తిరిగి బ్రతికించి లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ముందు ఏడ్చాడు. యోహాను సువార్తలో ఆయన పలికిన మొదటి మాటే ఒక ప్రశ్న: మీరేం వెదుకుతున్నారు? ఇప్పుడు నేను ముందు టీ తెప్పిస్తాను, వాళ్లు చెప్పేదంతా అయ్యేదాకా బైబిల్ తెరవను.

అపోహ: సందేహం వచ్చిందంటే విశ్వాసం పోయినట్టే.

వాస్తవం: "మావాడు చెడిపోయాడు అయ్యగారూ, దేవుడు ఉన్నాడా అని అడుగుతున్నాడు" అంటూ తల్లిదండ్రులు టెన్షన్ పడుతూ వస్తారు. ఇంట్లో అడుగుతున్నాడంటే ఇంకా మిమ్మల్ని నమ్ముతున్నాడని చెప్తాను. యేసు తిరిగి లేచాడంటే నమ్మని శిష్యుడు తోమాను యేసు వెళ్లగొట్టలేదు, తన గాయాలు చూపించాడు.

అపోహ: ఇది పరాయి దేశాల మతం, నమ్మితే మన భాష, మన పాట వదులుకోవాలి.

వాస్తవం: "మీ దేవుడికి తెలుగు వచ్చా?" అని ఒక కాలేజీ అమ్మాయి సూటిగానే అడిగింది. ఆమెకు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఇచ్చాను. పాటల పైన రాగం, తాళం వేసి ఉంటాయి. అందులో పురుషోత్తమ చౌదరి (1803–1890) రాసినవి చదివి, పదాలు అచ్చం మా అమ్మమ్మ పాడే పాటల్లా ఉన్నాయంది. 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్ అయిన అజరయ్య డోర్నకల్‌లో కట్టించిన కథీడ్రల్‌లోనూ గుడి పనితనం, మసీదు పనితనం రెండూ కనిపిస్తాయి.

అపోహ: వచ్చినవాణ్ని ఆ రోజే ఒప్పించి పంపాలి.

వాస్తవం: ఏథెన్సులో యేసు గురించి చెప్పిన అపొస్తలుడు పౌలు మాటలకు కొందరు నవ్వారు, కొందరు మరోసారి వింటామన్నారు, కొందరు నమ్మారు. ఆయన ఎవరి వెంటా పడలేదు. ఉద్యోగమో స్వస్థతో ఆశ చూపించి తొందరపెట్టడం నా దృష్టిలో ఆ మనిషికి చేసే అన్యాయం. నేను వాళ్ల ఫోన్ నంబరు అడగను, నాది ఇస్తాను. కొందరు అర్ధరాత్రి వాట్సాప్ చేస్తారు. యూదుల పెద్ద నీకొదేము కూడా యేసు దగ్గరికి రాత్రిపూటే వచ్చాడు కదా.

ఆ హెల్మెట్ కుర్రాడికి మాత్రం అప్పుడు నంబరు ఇవ్వలేదు. కుర్చీలు సర్దేటప్పుడు ఇప్పటికీ గుమ్మం వైపు చూస్తుంటాను.