గనిలో కర్ర ఎందుకు మూలుగుతుంది?

ఉక్కు ఉండగా గనుల్లో కప్పుకింద ఇంకా కర్ర దుంగలు ఎందుకని ఒక పాఠకుడు అడిగారు. జవాబు కర్ర పోగుల్లోనే ఉంది.

చెట్టు మానంటే నిలువునా బిగించి కట్టిన సన్నని గొట్టాల మోపు. పోగు వెంట నొక్కితే గొట్టాలన్నీ కలిసి మోస్తాయి. పోగుకు అడ్డంగా నొక్కితే చదునైపోతాయి. సుమారు ఐదో వంతు బరువుకే, ఒక్కోసారి అంతకన్నా ముందే, నలగడం మొదలవుతుంది. ఈ బలహీనతే గనిలో అక్కరకొస్తుంది. కప్పుకింద నిలబెట్టే దుంగను ప్రాప్ అంటారు. అది నిలువుగా మోస్తుంది. దాని తలమీద పెట్టే లిడ్ పలక అడ్డంగా నలుగుతుంది. కప్పు కాస్త దిగినా ప్రాప్ విరగకుండా ముందు లిడ్ అణుగుతుంది. నలిగిన లిడ్‌ను చూస్తే బరువు ఎటు వాలుతోందో తెలిసిపోతుంది. రెండేసి దుంగలు ఒకదానికొకటి అడ్డంగా పేర్చే చాక్‌లో కర్ర అంతా ఇలాగే నలుగుతుంది. చాలా దిగుతుంది, కానీ ఒక్కసారిగా కూలదు. దుంగలు కలిసే చోట్లు కిందినుంచి పైదాకా ఒకే గీతలో ఉండాలి, లేకపోతే మధ్యలో వంగి విరుగుతాయి.

ఇక పొడవు సంగతి. 15 సెంటీమీటర్ల మందం, 2 మీటర్ల ఎత్తున్న మంచి ప్రాప్ నలగాలన్నా, వంగిపోవాలన్నా లెక్కప్రకారం దాదాపు ఒకే బరువు కావాలి: 50, 60 టన్నులు. 3 మీటర్లు చేస్తే 27 టన్నులకే వంగుతుంది. పొడవు రెట్టింపైతే వంగకుండా నిలిచే శక్తి నాలుగో వంతుకు పడుతుంది. మందం రెట్టింపైతే 16 రెట్లు పెరుగుతుంది. ముడులున్నా, ప్రాప్ ఒరిగినా, అడుగున వదులు రాళ్లున్నా ఈ అంకెలు చెల్లవు. కాలు గట్టినేల మీదే ఆనాలి.

కర్ర విరిగే ముందు పొడవాటి పోగులు ఒక్కొక్కటే తెగుతూ చిటపటమంటాయి. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ గనివాళ్లు లోపల వినిపించే టకటకలు నాకర్స్ అనే భూతాల పని అనుకునేవారు. నమ్మకం మాటెలా ఉన్నా, చప్పుడు వినగానే బయటికి రావడం సరైన పనే!

కుళ్లిన కర్ర మాత్రం ఈ హెచ్చరిక ఇవ్వదు. తేమ 20 శాతం దాటితే బూజు పోగులను తినేస్తుంది. అప్పుడు కర్ర పుటుక్కున తెగుతుంది. తేమ పట్టి ఉంచుతుందనే బెరడు ఒలిచేస్తారు. సుత్తితో కొడితే మంచి కర్ర ఖంగుమంటుంది, కుళ్లింది మొద్దుగా మోగుతుంది. అలాంటి ప్రాప్ పక్కన కొత్తది నిలబెట్టి, వెడ్జ్ (సందులో దిగ్గొట్టే చీల) బిగించాకే పాతది తీయాలి.