ఆటోమేటిక్ పికప్ గేరు మారకపోతే తప్పు కంప్యూటర్‌దేనా? అపోహలు - వాస్తవాలు

నేను అనంతపురంలో ఆటో ఎలక్ట్రీషియన్‌ని. మా ప్రాంతంలో తిరిగే పికప్‌లలో ఎక్కువ భాగం క్లచ్ తొక్కి గేరు వేసే మామూలు బండ్లే. ఇసుజు వీ-క్రాస్, టయోటా హైలక్స్ లాంటి వాటిలో ఆటోమేటిక్ గేర్ల రకాలు వచ్చాక చీనీ (బత్తాయి) తోటల రైతులు, కాంట్రాక్టర్లు కొందరు అవి కొన్నారు. ఆ బండి ఒకరోజు గేరు మారనని మొండికేస్తే, యజమాని చెవిన పడే మొదటి మాట ‘గేర్ కంప్యూటర్ పోయింది, మార్చాలి’. అది నిజమయ్యే రోజులూ ఉన్నాయి. కానీ నా దగ్గరకు ఆ మాటతో వచ్చిన బండ్లలో చాలావాటికి కంప్యూటర్ మార్చే పని పడలేదు. మార్చాల్సి వచ్చిన చోట కూడా, ఎలా మార్చాలో తెలియక డబ్బు రెండుసార్లు ఖర్చు పెట్టినవారిని చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: గేరు ఒక్కదానిలోనే ఉండిపోయిందంటే మాడ్యూల్ కాలిపోయినట్టే.

వాస్తవం: మాడ్యూల్ అంటే ఆ గేర్ కంప్యూటరే. దాని పని ఏమిటో ముందు చూడండి. గేర్‌బాక్స్ లోపలికి వచ్చే వేగం, బయటికి వెళ్లే వేగం, ఆయిల్ వేడి, గేర్ లివర్ ఉన్న చోటు, యాక్సిలరేటర్ ఎంత తొక్కారన్నది - ఇవన్నీ దానికి అందుతాయి. వాటిని బట్టి అది సోలినాయిడ్లకు, అంటే కరెంటుతో తెరుచుకుని మూసుకునే వాల్వులకు, కరెంటు ఇస్తుంది. అవి ఆయిల్ ఒత్తిడిని గేర్‌బాక్స్ లోపల ఉండే ఏ క్లచ్‌కు పంపాలో ఆ దారి తెరుస్తాయి. ఈ సమాచారంలో ఏ ఒక్కటి తప్పుగా వచ్చినా, సోలినాయిడ్ తీగ ఒకటి తెగినా, మాడ్యూల్ గేర్‌బాక్స్‌ను కాపాడుకోవడానికి సోలినాయిడ్లకు కరెంటు ఆపేస్తుంది. అప్పుడు బండి ముందుకు ఒకే గేరులో నడుస్తుంది, అది కాక రివర్స్ మాత్రమే పడుతుంది. అంటే బండి అలా నిలిచిపోవడం చాలాసార్లు మాడ్యూల్ బతికి ఉండి, తన పని తాను చేస్తోందనడానికి గుర్తు.

తాడిపత్రి వైపు నుంచి ఒక రైతు తన పికప్‌ను లాగించుకుని తెచ్చారు. వేరేచోట మాడ్యూల్ మార్చాలని చెబితే వేరే బండిలో వాడినది ఒకటి కొని వేయించుకున్నారు, జబ్బు అలాగే ఉంది. నేను మాడ్యూల్ పిన్నుల దగ్గర మల్టీమీటర్ పెట్టి చూస్తే పన్నెండు వోల్టులు చక్కగా కనిపించాయి. ఇక్కడే చాలామంది మోసపోతారు. పది పోగుల తీగలో తొమ్మిది తెగి ఒక్క పోగు మిగిలినా మీటరు పన్నెండు వోల్టులే చూపిస్తుంది, ఎందుకంటే మీటరు కరెంటు లాగదు. అందుకే సరఫరా తీగకూ ఎర్త్ తీగకూ మధ్య ఒక ఇండికేటర్ బల్బు తగిలించాను. బల్బు మసకగా, ఎర్రగా వెలిగింది. బ్యాటరీ నెగెటివ్ నుంచి మాడ్యూల్ ఎర్త్ పిన్ను వరకు కొలిస్తే ఒక వోల్టుకు పైగా చూపించింది, అక్కడ వోల్టులో పదో వంతు దాటకూడదు. ఎర్త్ బోల్టు విప్పితే కింద తుప్పు, నాపరాళ్ల దుమ్ము గట్టిపడి ఉన్నాయి. ఉప్పుకాగితంతో రుద్ది బిగించి, ఆయన బండిలో మొదట ఉన్న మాడ్యూల్‌నే తిరిగి పెట్టాను. బండి నడుచుకుంటూ వెళ్లింది. ఆ రెండో మాడ్యూల్‌కు పెట్టిన డబ్బు మాత్రం ఆయనకు తిరిగి రాలేదు. ఆ సీజన్‌లో చీనీ ధర కూడా ఆయనకు కలిసిరాలేదు, ఆ సంగతి చెబుతుంటే వినడం కష్టమైంది.

ఒక హెచ్చరిక: ఈ బల్బు పరీక్ష సరఫరా, ఎర్త్ తీగలకే. సెన్సార్ తీగలకు, క్యాన్ తీగలకు (బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీగలు) బల్బు తగిలిస్తే బాగున్న మాడ్యూల్‌ను మీరే చంపినవారవుతారు.

అపోహ: స్కానర్‌లో పి0700 వచ్చింది కాబట్టి గేర్ కంప్యూటర్ చెడిపోయింది.

వాస్తవం: స్కానర్ అంటే బండి కంప్యూటర్లు దాచుకున్న తప్పుల కోడ్లు చదివే పరికరం. పి0700 అంటే ‘గేర్‌బాక్స్ వైపు ఏదో కోడ్ ఉంది, అక్కడికి వెళ్లి చూడు’ అని ఇంజిన్ కంప్యూటర్ చెప్పడం మాత్రమే. చవక స్కానర్లు ఇంజిన్ వరకే చదివి ఆగిపోతాయి. గేర్‌బాక్స్ మాడ్యూల్‌తో మాట్లాడగల స్కానర్ పెట్టాలి. అక్కడ పి0715 ఉంటే లోపలికి వచ్చే వేగం చెప్పే సెన్సార్ వైపు, పి0720 ఉంటే బయటి వేగం సెన్సార్ వైపు, పి0750 ఉంటే మొదటి సోలినాయిడ్ వైపు చూడాలి. పి0613, పి0601 లాంటివి మాడ్యూల్ లోపలి ప్రాసెసర్‌ను, మెమరీని అనుమానించమంటాయి. అప్పుడు కూడా ముందు బ్యాటరీ, చార్జింగ్ చూసిన తర్వాతే.

యు0101 వస్తే మిగతా కంప్యూటర్లకు గేర్ మాడ్యూల్ వినిపించడం లేదని అర్థం. మాడ్యూల్ చచ్చి ఉండవచ్చు, దాని ఫ్యూజు పోయి ఉండవచ్చు, మధ్యలో క్యాన్ తీగలు తెగి ఉండవచ్చు. బ్యాటరీ తీగ తీసేసి, స్టీరింగ్ కింద, స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్టులో 6, 14 పిన్నుల మధ్య ఓమ్‌లు కొలవండి. సాధారణంగా 60 దగ్గర చూపాలి. 120 చూపితే లైను ఎక్కడో తెగింది, సున్నాకు దగ్గరగా చూపితే రెండు తీగలూ ఒకదానికొకటి తగిలాయి. వేరుశనగ గోదాముల పక్కన నిలిపే బండ్లలో ఎలుకలు కొరికిన తీగలు నేను ఎన్నోసార్లు అతికాను. ఎలుక పంటి గాటు బయటికి చిన్నగానే కనిపిస్తుంది. వైరింగ్ మీది టేపు విప్పకుండా తీర్పు చెప్పవద్దు.

అపోహ: బ్యాటరీ తీగ తీసి పెడితే సరైపోతుంది.

వాస్తవం: కోడ్లు పోవచ్చు, కారణం పోదు. పైగా జబ్బు ఎప్పుడు, ఏ వేగంలో, ఎంత వేడిలో వచ్చిందో దాచిపెట్టిన సమాచారం కూడా దాంతోపాటే చెరిగిపోవచ్చు. నా దగ్గరకు వచ్చేముందు దయచేసి అది చేయకండి.

అపోహ: అదే మోడల్ బండి నుంచి తీసిన పాత మాడ్యూల్ పెడితే చాలు, పది నిమిషాల పని.

వాస్తవం: బిగించడం నిజంగా పది నిమిషాల పనే కావచ్చు. కొన్ని బండ్లలో అది డ్యాష్‌బోర్డు వెనుక, కొన్నింటిలో బానెట్ కింద ఉంటుంది. కొన్నింటిలో గేర్‌బాక్స్ లోపల ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, అక్కడ మాత్రం పెద్ద పనే. ఇంకొన్నింటిలో ఇంజిన్ కంప్యూటర్‌లోనే కలిసిపోయి ఉంటుంది. అసలు కష్టం బిగించాక మొదలవుతుంది. పాత మాడ్యూల్‌లో వేరే బండి చాసిస్ నంబరు ఉంటుంది. చాలా బండ్లలో మిగతా కంప్యూటర్లు ఆ నంబరు సరిపోలకపోతే దాన్ని ఒప్పుకోవు. ఒప్పుకున్నా అందులో ఉన్న లెక్కలు ఆ వేరే గేర్‌బాక్స్ అరుగుదలకు తగినవి. మీ క్లచ్ పలకలు ఒక తీరున అరిగి ఉంటాయి, ఆ మాడ్యూల్ ఇంకో తీరు ఒత్తిడి ఇస్తుంది. గేరు పడినప్పుడల్లా బండి ఎగిరిపడుతుంది, లేదా క్లచ్ జారి కాలుతుంది. కొన్ని గేర్‌బాక్స్‌ల మీద సోలినాయిడ్ల లక్షణాలు తెలిపే కోడ్ అంటించి ఉంటుంది, దాన్ని కూడా మాడ్యూల్‌లో ఎక్కించాలి.

తప్పనిసరై పాతదే కొంటే భాగం నంబరు చివరి అక్షరంతో సహా సరిచూడండి. రెండు చక్రాలకు శక్తి వెళ్లే బండికి, నాలుగు చక్రాలకు వెళ్లే బండికి పైకి ఒకేలా కనిపించే మాడ్యూళ్లు వేరు కావచ్చు. నాకు వీలైతే మీ సొంత మాడ్యూల్ బోర్డునే బాగుచేయించడం ఇష్టం, అందులో మీ బండి సమాచారం అంతా అలాగే ఉంటుంది. అది కుదరకపోతే మీ సొంతదాని మెమరీని చదివి మారు మాడ్యూల్‌లోకి ఎక్కించగలవారు ఉన్నారు.

అపోహ: కొత్తది కొంటే ఈ గొడవ ఉండదు.

వాస్తవం: కొత్తది తరచుగా ఖాళీగా వస్తుంది. మీ బండి చాసిస్ నంబరు, సాఫ్ట్‌వేర్ దానిలో ఎక్కించాలి. ఎక్కించేటప్పుడు వోల్టేజీ పడిపోతే కొత్త మాడ్యూల్ అక్కడికక్కడే పనికిరాకుండా పోవచ్చు. అందుకే మామూలు చార్జర్ కాకుండా నిలకడగా వోల్టేజీ ఇచ్చే సప్లై పెట్టాలి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట ఆ సప్లైకీ ల్యాప్‌టాప్‌కీ ఇన్వర్టర్ ఆసరా లేకుండా నేను పని మొదలుపెట్టను. ఆ తర్వాత ఆయిల్ వేడెక్కాక, కంపెనీ చెప్పిన వరుసలో మాడ్యూల్‌కు గేర్లు నేర్పించాలి. ఖాళీ రోడ్డు మీద యాక్సిలరేటర్ నెమ్మదిగా తొక్కుతూ అన్ని గేర్లూ ఎక్కించి, మెల్లగా ఆపి, మళ్లీ మళ్లీ చేయాలి. మొదటి రోజు గేరు కాస్త కుదుపుతో పడితే భయపడవద్దు. వారం దాటినా కుదుపు తగ్గకపోతే తీసుకురండి.

కొత్తది పెట్టేముందు సోలినాయిడ్ల ఓమ్‌లు తప్పక కొలవాలి. పాత మాడ్యూల్‌ను కాల్చింది షార్టయిన సోలినాయిడే అయితే కొత్తదాన్ని కూడా అదే కాలుస్తుంది. ఆయిల్ నల్లబడి మాడువాసన వస్తుంటే క్లచ్ పలకలే పోయాయి, ఏ మాడ్యూల్ వాటిని బాగుచేయలేదు.

అపోహ: మాడ్యూల్ నిజంగా చెడిందని తేల్చడం ఎవరివల్లా కాదు.

వాస్తవం: సరఫరా, ఎర్త్, క్యాన్ తీగలు అన్నీ బాగుండి కూడా మాడ్యూల్ పలకకపోతే అప్పుడు దాన్ని అనుమానిస్తాను. ఇంకో గట్టి గుర్తు వేడి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు చక్కగా నడిచి, మే నెల మధ్యాహ్నం గుత్తి దాటేసరికి గేరు పట్టేసి, సాయంత్రం చల్లబడ్డాక మళ్లీ మామూలైతే, బోర్డు మీద టంకం చీలి ఉండవచ్చు. జుట్టు ఆరబెట్టే యంత్రంతో మాడ్యూల్‌ను మెల్లగా వేడిచేసి, స్కానర్‌లో చూస్తూ ఆ జబ్బును షెడ్డులోనే రప్పిస్తాను. యజమాని కళ్లముందు రప్పించాకే కొత్తది తెమ్మంటాను. ఇదే వేడికి సెన్సార్లు కూడా మొరాయిస్తాయి కాబట్టి ఒకసారికి ఒక భాగాన్నే వేడిచేయాలి.

అపోహ: అది దానంతటదే పోతుంది, మన చేతిలో ఏమీ లేదు.

వాస్తవం: చాలా ఉంది. జాతీయ రహదారి మీద బ్యాటరీ దిగిపోతే లారీని ఆపి వైర్లు తగిలించుకుంటారు. లారీలో రెండు బ్యాటరీలు కలిసి 24 వోల్టులు, మీ పికప్‌కు 12. ఆ ఒక్క నిమిషంలో ఒక మాడ్యూల్ కాదు, అన్నీ పోవచ్చు. వెనుక తొట్టికి వెల్డింగ్ చేయించేటప్పుడు బ్యాటరీ నెగెటివ్ తీగ తీయించండి, వెల్డింగ్ ఎర్త్ క్లాంపును అతికే చోటికి దగ్గరగా పెట్టమనండి. ఇంజిన్ కడిగేవారికి కనెక్టర్ల మీద నీటి ధార కొట్టవద్దని చెప్పండి. గేరు ఒక్కదానిలో నిలిచిపోయిన రోజు బరువు దించి, నెమ్మదిగా దగ్గరి చోటికి నడిపించండి, దూరమైతే లాగించండి. ఏ దీపం వెలిగింది, అప్పుడు ఎంత వేగంలో ఉన్నారు, ఎంతసేపు నడిచాక వచ్చింది - ఒక కాగితం మీద రాసి తెచ్చి ఇవ్వండి. నాకు స్కానర్ కంటే ముందు ఆ కాగితం కావాలి.