కలివి కోడి దక్కిందా? లంకమల అడవి వెనక కథ

కడప జిల్లా లంకమల అడవి మాట వస్తే, అభయారణ్యం ఉంది కదా అంటారు అందరూ. ఉంది, నిజమే. దాన్ని కలివి కోడి అనే పక్షి కోసం పెట్టారు; ఆ పక్షులు ఎన్ని మిగిలాయో చెప్పమంటేనే జవాబు దొరకదు. నాకు బాధ అక్కడే.

ఈ పక్షిని 1848లో జెర్డాన్ అనే బ్రిటిష్ వైద్యుడు శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత ఎవరికీ కనపడకపోయేసరికి అంతరించిపోయిందనే అనుకున్నారు. కలివి పొదల్లో తిరుగుతుందని మనవాళ్లు కలివి కోడి అంటారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు దీని గురించి ఈ చుట్టుపక్కల వాకబు చేస్తుంటే, 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లి పక్కన, పక్షులు పట్టే ఒక స్థానికుడు రాత్రిపూట టార్చిలైటు వెలుగులో దాన్ని చేత్తో పట్టుకున్నాడు. ఆ పక్షి బతకలేదు గానీ జాతి బతికే ఉందని తేలింది. రెండేళ్లకే, 1988లో, శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది.

అప్పుడే లెక్క మొదలుపెట్టి ఉండాల్సింది. పద్ధతిగా వెతకడం 2000 తర్వాత గానీ ఊపందుకోలేదు. పొదల మధ్య ఖాళీల్లో ఇసుక పట్టీలు పరిచి, తెల్లారాక వాటి మీద పడ్డ అడుగుల కోసం వంగి చూసేవాళ్లు: కలివి కోడి అడుగుకు ముందుకు మూడు వేళ్లు, వెనక వేలు లేదు. తీతువు అడుగులతో పొరబడకుండా ఒక్కో గుర్తునూ కొలవాలి. ఇంకో సంగతీ బయటపడింది. పొదలు మరీ చిక్కగా ఉన్నా, మరీ పలచబడ్డా ఈ పక్షి ఉండదు. కట్టెలు ఎక్కువ కొడితే నష్టమే, మేకలూ పశువులూ అసలు మేయకపోయినా పొదలు కమ్ముకుపోతాయి. అంటే కంచె వేసి వదిలేస్తే సరిపోదు.

2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఈ పక్షి ఉండే చోటికే వచ్చింది. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, చివరికి కాలువ దారి మార్చారు. అది గెలుపే, నేను కాదనను. కానీ ఆ తర్వాత కొన్నేళ్లకే పక్షి జాడ ఆగిపోయి, ఎంతోకాలం గట్టి ఆధారం దొరకలేదు. కాపాడిన నేలను హెక్టార్లలో చెప్పుకుని పక్షిని కాపాడే ప్రాజెక్టు సక్సెస్ అనడం ఎలా కుదురుతుంది?

అవే చోట్ల, ఏటా అదే నెలలో, మళ్లీ ఇసుక పట్టీలు వేయాలి. ఒక్క సీజన్ చూసి లేదని రాసేయకూడదు. 86 ఏళ్లు ఎవరి కంటా పడకుండా ఇక్కడే బతికిన పక్షి ఇది.