ట్యూన్ చేస్తే వారంటీ పోతుందా? టర్బో ఇంజిన్లపై అపోహలు - వాస్తవాలు

టర్బో (ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే పరికరం) ఉన్న కారు తీసుకుని నా దగ్గరకు వచ్చేవాళ్లు మొదట అడిగేది పవర్ ఎంత పెరుగుతుందని. తర్వాత కాస్త గొంతు తగ్గించి, "వారంటీకి ఏమీ కాదు కదండీ?" అంటారు. ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూలోని సాఫ్ట్‌వేర్‌ను తిరగరాయడం, అంటే ట్యూన్ చేయడం, నా వృత్తి. మొదటి ప్రశ్నకు సాగదీసి జవాబు చెప్పి, రెండోదాన్ని నవ్వుతూ దాటేయడం నా వ్యాపారానికి మంచిది. మా వాళ్లలో చాలామంది చేసేదీ అదే. ఈ అపోహల్లో సగం మా నోటి నుంచే పుట్టాయని ముందే ఒప్పుకుంటున్నాను.

అపోహ: ట్యూన్ చేసిన మరుక్షణం వారంటీ మొత్తం పోతుంది.

పోదు. అలాగని మొత్తం నిలబడదు కూడా. ట్యూన్ చేసిన కారులో కిటికీ అద్దం దించే మోటారు ఆగిపోతే, దాన్ని టర్బోతో ముడిపెట్టడం ఎవరికైనా కష్టమే. పిస్టన్లు, టర్బో, గేర్‌బాక్స్, డ్రైవ్ షాఫ్టుల సంగతి వేరు. అవి మోసే భారాన్ని పెంచింది మనమే కాబట్టి కంపెనీ వేలు మన వైపే చూపిస్తుంది.

ఇక్కడ కొందరు అమెరికాలోని మాగ్నసన్-మాస్ వారంటీ చట్టాన్ని ముందుకు తెస్తారు. 1975లో వచ్చిన ఆ చట్టం సాధారణంగా కంపెనీ సొంత విడిభాగాలే వాడాలని, తమ దగ్గరే సర్వీసు చేయించాలని వారంటీకి షరతు పెట్టకూడదంటుంది. మీరు చేసిన మార్పు వల్లే ఇంజిన్ దెబ్బతిన్నా కంపెనీయే బాగుచేయాలని మాత్రం అందులో లేదు. పైగా అది ఒక్క దేశపు చట్టం. దాన్ని వల్లించడం కంటే మీ వారంటీ పుస్తకంలో మార్పుల గురించి ఏం రాశారో చదువుకోవడం మేలు.

అపోహ: సర్వీసుకు వెళ్లే ముందు పాత సాఫ్ట్‌వేర్ ఎక్కించేస్తే ఎవరికీ తెలియదు.

నేను రోజూ వినే మాట ఇదే. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

ఈసీయూలోని సాఫ్ట్‌వేర్‌కు ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. దానితోపాటు సీవీఎన్ అనే సంఖ్యను ఈసీయూ స్వయంగా లెక్కగట్టి చెబుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఒక్క పట్టిక మారినా ఈ సంఖ్య మారాలి. కంపెనీ సాఫ్ట్‌వేర్ తిరిగి ఎక్కిస్తే సీవీఎన్ మళ్లీ మామూలుగా కనిపిస్తుంది, నిజమే. కానీ చాలా ఈసీయూల్లో ఎన్నిసార్లు రాశారో చెప్పే లెక్క విడిగా ఉంటుంది. డీలర్ రికార్డులో ఒక్కసారే రాసినట్టు ఉండి, ఈసీయూ మాత్రం అయిదుసార్లు అంటుంటే మిగతా నాలుగు ఎవరు రాశారన్న ప్రశ్న వస్తుంది. ఫోక్స్‌వాగన్, ఆడి కార్ల వాళ్లకు ‘టీడీ1’ అనే మాట బాగా తెలుసు. డీలర్ స్కానర్ పెట్టినప్పుడు సాఫ్ట్‌వేర్ తేడా దొరికితే ఆ కారు నంబరు మీద పడే ముద్ర అది. ఒకసారి పడ్డాక మీరు పాత సాఫ్ట్‌వేర్ ఎక్కించినంత మాత్రాన చెరిగిపోదు.

"అయితే పిగ్గీబ్యాక్ బాక్స్ పెడతాను, అది ఈసీయూను ముట్టుకోదు కదా" అంటారు. ముట్టుకోదు, అబద్ధం చెబుతుంది. ప్రెషర్ సెన్సర్‌కూ ఈసీయూకూ మధ్య కూర్చుని, ఉన్న ఒత్తిడి కంటే తక్కువ చూపిస్తుంది. అది నమ్మి ఈసీయూ ఇంకాస్త బూస్ట్, అంటే టర్బో గాలిని నొక్కే ఒత్తిడి, పెంచుతుంది. సాఫ్ట్‌వేర్ చెక్కుచెదరదు గానీ, ఇంజిన్‌లోకి వెళ్లే గాలికీ, ఇంధనానికీ, టర్బో ఒత్తిడిని అదుపు చేసే వేస్ట్‌గేట్ కదలికకూ లెక్క కుదరదు. ఆ తేడాలను సర్దుకోవడానికి ఈసీయూ చేసుకున్న సవరణలు దాని జ్ఞాపకంలో ఉంటాయి. బాక్స్ విప్పేసినా అవి వెంటనే పోవు.

అసలు చిక్కు వేరే ఉంది. చిన్న రిపేరుకు ఎవరూ ఇంత లోతుగా వెతకరు. ఇంజిన్ మొత్తం మార్చాల్సిన క్లెయిమ్ వచ్చినప్పుడే వెతుకుతారు. అంటే దాచడం పనికొచ్చేది దాచాల్సిన అవసరం లేనప్పుడే. రింగుల దగ్గర విరిగిన పిస్టన్‌కు పాత సాఫ్ట్‌వేర్ ఎక్కించలేం కదా! సర్వీసుకు ముందు జాడలు చెరిపేయమని అడిగేవాళ్లకు నేను ఆ పని చేయను. నీతి మాట పక్కన పెట్టినా, అది పనిచేస్తుందని హామీ ఇవ్వలేను.

అపోహ: కంపెనీ కావాలనే పవర్ తగ్గించి అమ్ముతుంది. పై మోడల్‌లోనూ ఇదే ఇంజిన్, తేడా సాఫ్ట్‌వేర్ మాత్రమే.

కొన్ని కార్లలో నిజం. అన్నిటిలో అనుకుంటేనే నష్టం. ఫోక్స్‌వాగన్ ఏడో తరం గోల్ఫ్ జీటీఐ, గోల్ఫ్ ఆర్ రెండింటిలోనూ రెండు లీటర్ల ఇంజినే, పేరూ ఒకటే: ఈఏ888. జీటీఐకి 220 హార్స్‌పవర్, ఆర్‌కు 300. విప్పి చూస్తే ఆర్‌లో టర్బో పెద్దది, పిస్టన్లు వేరు, ఎగ్జాస్ట్ వాల్వులు వేరు. ఆ 80 గుర్రాలు సాఫ్ట్‌వేర్‌లోంచి ఒక్కటే పుట్టలేదు.

కంపెనీ వదిలిపెట్టిన మిగులు ఎవరికోసం? నాసిరకం పెట్రోలు పోసేవాడికి, మండుటెండలో కారు నిండా జనంతో కొండ ఎక్కేవాడికి, ఆయిల్ మార్చడం మరిచిపోయేవాడికి. ట్యూన్ ఆ మిగులును తినేస్తుంది. మీరు ఆ ముగ్గురిలో ఒకరు కాకపోతే కొంత తినవచ్చు. వినేవాళ్లకు నచ్చకపోయినా నేను చెప్పే మాట ఇదే.

అపోహ: బూస్ట్ కొంచెమే పెంచాం, ఏమవుతుంది?

లెక్క వేద్దాం. బూస్ట్ 1 బార్ నుంచి 1.4 బార్‌కు పెంచామనుకోండి. వాతావరణ పీడనాన్ని కలిపితే అది 2 నుంచి 2.4, అంటే 20 శాతం పెరుగుదల. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. బయట 27 డిగ్రీలుండి, కంప్రెసర్ సామర్థ్యం 70 శాతమైతే, టర్బో నుంచి వచ్చే గాలి మొదటి సందర్భంలో సుమారు 120 డిగ్రీలు, రెండోదానిలో సుమారు 150 డిగ్రీలు ఉంటుంది. ఆ అదనపు 30 డిగ్రీలనూ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలరే లాగేయాలి. దాని పరిమాణం మాత్రం మారలేదు. పవర్ కొలిచే యంత్రం, డైనో మీద మొదటి పరుగులో వచ్చిన గొప్ప అంకె మూడో పరుగుకు తగ్గిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. అందుకే నేను మూడో పరుగు కాగితమే చేతికిస్తాను.

అపోహ: నాక్ సెన్సర్ ఉంది, ప్రమాదం వస్తే అదే చూసుకుంటుంది.

మామూలు నాక్ అయితే చూసుకుంటుంది. స్పార్క్ తర్వాత మిశ్రమం దానంతట అది పేలితే సెన్సర్ వింటుంది, ఈసీయూ స్పార్క్ టైమింగ్‌ను వెనక్కి జరుపుతుంది. నేరుగా సిలిండర్‌లోకి ఇంధనం చిమ్మే టర్బో ఇంజిన్లకు ఇంకో జబ్బు ఉంది, ఎల్‌ఎస్‌పీఐ అంటారు. ఇంజిన్ తక్కువ వేగంలో, ఎక్కువ భారం మీద ఉన్నప్పుడు, స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకుంటుంది. స్పార్క్‌తో పని లేకుండానే మంట మొదలయ్యాక టైమింగ్ జరిపి లాభమేముంది? పిస్టన్‌ను విరగ్గొట్టడానికి అలాంటి కొన్ని దెబ్బలు చాలు.

చిత్రమేమంటే, ట్యూన్ తర్వాత యజమానులు అందరికంటే ఎక్కువ మెచ్చుకునేది అక్కడే. పై గేరులో 1,500 ఆర్‌పీఎం దగ్గర కాలు నొక్కితే కారు ముందుకు దూకాలి. నేను రాసే సాఫ్ట్‌వేర్ ఫైళ్లలో ఆ ప్రాంతంలో టార్క్‌ను కావాలనే నెమ్మదిగా పెంచుతాను. "పక్కవాడి ట్యూన్ ఇంతకంటే గట్టిగా లాగుతుంది" అని తిట్టినవాళ్లున్నారు. ఇంజిన్ ఆయిల్‌కు కూడా ఇందులో పాత్ర ఉంది. క్యాల్షియం డిటర్జెంట్లు ఎక్కువున్న ఆయిళ్లతో ఈ జబ్బు పెరుగుతుందని తేలాకే 2018లో ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ఎస్ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ ప్రమాణాలు వచ్చాయి. డబ్బా మీద ఎస్‌పీ ఉందో లేదో చూడటానికి పైసా ఖర్చు లేదు.

అపోహ: వారంటీ ఉంచుకుంటూ పవర్ పెంచే దారే లేదు.

ఉంది, కానీ చప్పగా ఉంటుంది. వోల్వో తన కార్లకు పోల్‌స్టార్ సాఫ్ట్‌వేర్ అమ్మినప్పుడు కంపెనీ వారంటీ అలాగే కొనసాగింది. ఫోర్డ్ ఆమోదించిన మౌంట్యూన్ కిట్లూ ఇలాంటివే. పెరుగుదల తక్కువ, ధర ఎక్కువ. ఆ ఎక్కువ ధరలో కొంత వారంటీకి కట్టినట్టే. ట్యూనింగ్ సంస్థలు ఇచ్చే సొంత వారంటీ వేరు. దానిలో ఏ భాగాలున్నాయి, గరిష్ఠంగా ఎంత చెల్లిస్తారు అన్న రెండు విషయాలు చూడండి. రాసిచ్చేది తమ ఫైలుకే అయితే దానివల్ల కలిగే ఉపయోగం అంతంతమాత్రం.

అపోహ: స్టేజ్ 1కి, అంటే సాఫ్ట్‌వేర్ ఒక్కటే మార్చే మొదటి మెట్టుకు, ఇంకేమీ మార్చనక్కర్లేదు.

మాన్యువల్ కారైతే ముందు క్లచ్‌ను అడగాలి. నాలుగో గేరులో వేగం పెరగకుండా ఆర్‌పీఎం మాత్రమే ఎగబాకితే అది జారుతోందని అర్థం. క్లచ్ అరిగిపోయే వస్తువు కాబట్టి మామూలు కారులోనే దానికి వారంటీ దొరకడం అరుదు. స్పార్క్ ప్లగ్గుల సందు కూడా చూడాలి. ఒత్తిడి పెరిగితే స్పార్క్ దాటడం కష్టమై మిస్‌ఫైర్ మొదలవుతుంది.

ఒకాయన ఇదంతా విని, ఏమీ చేయించుకోకుండా వెళ్లిపోయారు. వారంటీ ముగిశాక మళ్లీ వచ్చారు. చేతిలో ప్రతి ఆయిల్ మార్పిడి బిల్లూ, కొత్త ప్లగ్గుల పెట్టె ఉన్నాయి. క్లచ్ అప్పటికే మార్పించుకున్నారట. ఆయన కారుకు ఫైలు రాయడానికి నాకు ఒక్క పూట పట్టింది.