తీగ తగ్గుతున్నా తగ్గని స్వరం

మాండలిన్ తీగను ఒక్కసారి మీటి చెవి పెట్టి వినండి. ఖంగుమని మోగి, మనం ఇంకో ఊపిరి పీల్చేలోపే అణిగిపోతుంది. తీగ పొట్టిది, బిగువెక్కువ. అందుకే పాశ్చాత్య సంగీతంలో మాండలిన్ వాయించేవాళ్లు ఒకే స్వరాన్ని గబగబా పదేపదే మీటి, అది సాగుతున్నట్టు అనిపిస్తారు. మన సంగీతానికి ఆ ఉపాయం చాలదు. ఒక్క మీటు మీదే గమకం నడవాలి, సాగే స్వరం, అంటే కార్వై, నిలవాలి. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ జంట తీగల మాండలిన్‌ని పక్కనపెట్టి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టడానికి కారణం ఇదే. తీగ ఊపును విద్యుత్తుగా మార్చే పికప్, దాన్ని పెద్దది చేసే యాంప్లిఫయర్ తోడయ్యేసరికి ఆ చిన్న వాద్యం మీద స్వరం సాగింది, ఊగింది, రాగమంతా పలికింది.

లీడ్ గిటార్, అంటే పాటలో ఒంటి స్వరాల వరసలు, వాయించేవాళ్లు వెతుక్కునేది కూడా అదే. వాళ్ల మాటల్లో వార్మ్ టోన్, లాంగ్ సస్టెయిన్. అంటే చెవిని గీరకుండా, నిండుగా, గుండ్రంగా పలికే స్వరం, పలికాక వెంటనే చచ్చిపోని స్వరం. దానికోసం ఏ గిటార్ కొనాలి, ఏ పికప్ వేయించాలి అని నన్ను అడిగే కుర్రాళ్లలో చాలామంది ఈ రెండు గుణాలనూ ఒకే మూటగా కట్టేస్తారు. ఖరీదైన పికప్ వేయిస్తే రెండూ వచ్చేస్తాయని నమ్ముతారు. నిజానికి ఈ రెండూ వేర్వేరు చోట్ల పుడతాయి. నిండుదనంలో పికప్‌కి పెద్ద వాటా ఉంది. నిలవడంలో దాని వాటా చాలా తక్కువ.

ఓసారి పలకడం మానేసిన పికప్ ఒకటి నా చేతికి వస్తే మూత విప్పి చూశాను. రాగి తీగ ఎక్కడో లోపల తెగింది. ఆ తీగ మందం మిల్లీమీటరులో పదహారో వంతు, దాదాపు తల వెంట్రుకంత. గోటితో తగిలితే చాలు, తుంపులైపోతుంది. అలాంటి తీగను ఒక్కో బాబిన్ మీద సుమారు 5,000 చుట్లు చుడతారు. మధ్యలో అయస్కాంతం, పైన ఉక్కు తీగలు. అంతే, అందులో ఇంకేమీ లేదు. అయస్కాంతం తన పైనున్న ఉక్కు తీగను కూడా కాస్త అయస్కాంతంగా మారుస్తుంది. ఆ తీగ ఊగితే చుట్ల గుండా పోయే అయస్కాంత క్షేత్రం మారుతుంది, మారితే విద్యుత్తు పుడుతుంది. 1831లో మైఖేల్ ఫారడే కనిపెట్టిన సూత్రమే. ఎలక్ట్రిక్ గిటార్‌కి నైలాన్ తీగలు కట్టి మీటితే యాంప్ మౌనంగా ఉండిపోతుంది. పికప్‌కి చెక్క వినపడదు, గాలి వినపడదు, ఉక్కు కదలిక ఒక్కటే తెలుస్తుంది.

మరి అన్ని పికప్‌లూ ఒకేలా ఎందుకు పలకవు? వేల చుట్ల కాయిల్‌కి ఇండక్టెన్స్, అంటే కరెంటు మార్పును అడ్డుకునే గుణం, ఉంటుంది. గిటార్ నుంచి యాంప్‌కి వెళ్లే కేబుల్‌కి కెపాసిటెన్స్, అంటే కాస్త విద్యుత్తును దాచుకునే గుణం, ఉంటుంది. రెండూ కలిస్తే పాత రేడియోలో స్టేషన్ పట్టే సర్క్యూట్ లాంటిదే తయారవుతుంది. ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర అది ఉబ్బుతుంది, ఆపైవాటిని కోసేస్తుంది. స్ట్రాటోకాస్టర్ అనే గిటార్ తరహా సింగిల్ కాయిల్ (ఒంటి కాయిల్ పికప్)కి ఇండక్టెన్స్ సుమారు 2.4 హెన్రీలు. లెస్ పాల్ అనే గిటార్ తరహా హమ్‌బకర్ (జంట కాయిల్స్ పికప్)కి 4.4 దాకా ఉంటుంది. మామూలు ఐదు మీటర్ల కేబుల్ తగిలించి లెక్క కడితే మొదటిదాని ఉబ్బు 4 కిలోహెర్ట్జ్ పైన, రెండోదానిది 3 కిలోహెర్ట్జ్ దగ్గర వస్తుంది. చెవికి ఈ తేడా చిన్నది కాదు. 4 పైన ఉబ్బితే గాజు గ్లాసు మీద చెంచా తగిలినట్టు మెరుపు. 3 దగ్గర ఉబ్బి ఆపైన తగ్గిపోతే స్వరానికి ఒళ్లు వస్తుంది. వార్మ్ టోన్ అనే మాటలో సగం రహస్యం ఈ ఒక్క కిలోహెర్ట్జ్‌లో ఉంది. కేబుల్ పొడవు మారినా ఆ ఉబ్బు పక్కకి జరుగుతుంది. పదివేలు పోసి పికప్ మార్చేముందు వేరే కేబుల్‌తో ఒకసారి విని చూడమని నేను చెప్పేది అందుకే.

ఇక్కడే టోన్ నాబ్ సంగతి చెప్పాలి. దాన్ని తిప్పితే పై స్వరాలు తగ్గుతాయని మాత్రమే అందరూ అనుకుంటారు. పూర్తిగా తిప్పేస్తే జరిగేది ఇంకా ముచ్చటైనది. హమ్‌బకర్ గిటార్లలో ఆ నాబ్ వెనక సాధారణంగా 0.022 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటుంది. సున్నా దాకా తిప్పితే అది నేరుగా పికప్‌కి అడ్డంగా కూర్చుంటుంది, పాత ఉబ్బు పోయి 500 హెర్ట్జ్ దగ్గర కొత్త ఉబ్బు లేస్తుంది. అప్పుడు యాంప్‌ని గట్టిగా పెంచి వాయిస్తే గిటార్ ఎవరో నోరు గుండ్రంగా పెట్టి పాడుతున్నట్టు పలుకుతుంది. 1967 ప్రాంతంలో గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ తన గిబ్సన్ ఎస్‌జీ గిటార్ మీద వాడిన పలుకు ఈ దారిలో వచ్చిందే. దానికి ఉమన్ టోన్ అని పేరు. నాబ్‌ని సగం వరకే తిప్పి, మొద్దుబారిందని వదిలేసేవాళ్లకు ఈ పలుకు దొరకదు.

హమ్‌బకర్ పుట్టింది మాత్రం టోన్ కోసం కాదు, గొడవ వదిలించుకోవడానికి. ఒంటి కాయిల్ చుట్టుపక్కల కరెంటు తీగల రొదను కూడా పట్టేస్తుంది. మన ఇళ్లలో 50 హెర్ట్జ్, అమెరికాలో 60. గిబ్సన్ కంపెనీలో ఇంజనీరు సెత్ లవర్ రెండు కాయిల్స్‌ని పక్కపక్కన పెట్టి, ఒకదానికొకటి ఎదురు దిశలో కలిపి, అయస్కాంత ధ్రువాలను కూడా తిప్పేశాడు. బయటి రొద రెండింటిలో ఎదురెదురుగా వచ్చి రద్దయిపోతుంది, తీగ పలుకు మాత్రం రెండింటిలోనూ కలిసి పెద్దదవుతుంది. 1955లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు, 1957లో అవి లెస్ పాల్ గిటార్ల మీదికి వచ్చాయి, 1959లో పేటెంటు చేతికందింది. ఈలోపు వచ్చిన వాటి అడుగున 'పేటెంటుకు దరఖాస్తు చేశాం' అనే అర్థం వచ్చే చిన్న స్టిక్కరు ఉండేది. ఆ ఇంగ్లిష్ మాటల పొడి అక్షరాలే వాటి పేరై, పీఏఎఫ్‌లుగా స్థిరపడ్డాయి. చుట్ల లెక్క, అయస్కాంతం రకం ఒకదానికొకటి సరిపోయేవి కావు, అందుకే ఒక్కో పీఏఎఫ్ ఒక్కోలా పలుకుతుంది. తర్వాతి స్టిక్కర్ల మీద వేసిన పేటెంటు నంబరు అసలు పికప్‌ది కానే కాదు, గిటార్ చివర తీగలు బిగించే టెయిల్‌పీస్‌ది.

హమ్‌బకర్ నిండుగా పలకడానికి కారణం అది తీగను రెండు చోట్ల వినడమేనని తరచూ చెబుతుంటారు. రెండు కాయిల్స్ మధ్య దూరం రెండు సెంటీమీటర్ల లోపే. తీగ మీద అలల అరపొడవు ఆ దూరానికి సరిపోయినప్పుడు ఒక కాయిల్ 'పైకి' అంటే ఇంకోటి 'కిందికి' అంటుంది, ఆ స్వరాంశం కొట్టుకుపోతుంది. మాట నిజమే. కానీ లెక్క వేసి చూస్తే బొద్దు E తీగ మీద ఇది 2.8 కిలోహెర్ట్జ్ దగ్గర జరుగుతుంది, సన్న E తీగ మీద 11 కిలోహెర్ట్జ్ పైన. గిటార్ స్పీకర్లు 5 కిలోహెర్ట్జ్ దాటితేనే చేతులెత్తేస్తాయి. లీడ్ వాయించేది ఎక్కువగా సన్న తీగల మీద కదా! కాబట్టి అక్కడ నిండుదనం ఇచ్చేది ఎక్కువగా ఆ 3 కిలోహెర్ట్జ్ ఉబ్బే.

పికప్ ఉన్న చోటు కూడా అంతే ముఖ్యం. ఒంటి మీద తీగలు ఆనే బ్రిడ్జి దగ్గర తీగ మొత్తంగా ఊగేది తక్కువ, కాబట్టి పై స్వరాంశాలదే పైచేయి. గిటార్ మెడ, అంటే నెక్ దగ్గరికొచ్చేసరికి తీగ ధారాళంగా ఊగుతుంది, మూలస్వరం నిండుగా వస్తుంది. వార్మ్ లీడ్ కావాలంటే నెక్ పికప్‌తో మొదలుపెట్టమనే చెబుతాను. ఎంపికలో నా మొగ్గు మధ్యరకం చుట్ల హమ్‌బకర్ వైపు, రెసిస్టెన్స్ ఏడున్నర ఎనిమిదిన్నర కిలో ఓమ్స్ మధ్య ఉన్నవాటి వైపు. అయస్కాంతం ఆల్నికో అనే మిశ్రలోహానిది. రెండో రకం మెత్తగా ఉంటుంది, ఐదో రకం కాస్త గట్టిగా పలుకుతుంది. 16 కిలో ఓమ్స్ అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసిన వాటికి మోసపోకండి. తీగ సన్నగా ఉన్నా రెసిస్టెన్స్ పెరుగుతుంది, అది పలుకు బలానికి కొలత కాదు. చుట్లు మరీ ఎక్కువైతే ఉబ్బు ఇంకా కిందికి జారి, స్వరం నిండుగా కాక ముద్దగా తయారవుతుంది.

పికప్ వల్ల సస్టెయిన్ పెరగదు గానీ, దాన్ని చెడగొట్టడం మాత్రం పికప్‌కి చేతనవుతుంది. సింగిల్ కాయిల్ గిటార్ ఒకటి నా దగ్గర బొద్దు తీగ మీద పన్నెండో ఫ్రెట్ (మెట్టు) పైన వింతగా కూసేది. శ్రుతి పెట్టే కొద్దీ ట్యూనర్ ముల్లు నిలవదు, స్వరంలో వావ్ వావ్ అంటూ ఇంకో స్వరం ఊగుతుంది. నెక్ అనుకున్నాను, ఫ్రెట్లు అనుకున్నాను. చివరికి స్క్రూడ్రైవర్ తీసుకుని నెక్ పికప్‌ని రెండు చుట్లు కిందికి దింపాను. స్వరం తేటపడింది. ఇంకో చుట్టు దింపితే స్వరం కాస్త ఎక్కువసేపు కూడా నిలిచింది. తీగకు మరీ దగ్గరైన అయస్కాంతం దాన్ని తనవైపు లాగుతుంది. అప్పుడు నిలువు ఊపు ఒక ఫ్రీక్వెన్సీలో, అడ్డం ఊపు ఇంకో ఫ్రీక్వెన్సీలో నడిచి రెండూ కొట్టుకుంటాయి. హమ్‌బకర్‌లో అయస్కాంతం అడుగున ఉంటుంది కాబట్టి ఈ లాగుడు తక్కువ. పైసా ఖర్చు లేని ఈ సర్దుబాటు ముందు చేసి, తర్వాతే కొత్త పికప్ మాట ఎత్తాలి.

ఇక నిలవడం సంగతి. మీటిన తీగలో ఉన్న శక్తి మూడు దారుల్లో పోతుంది. గాలి రాపిడి, తీగ లోపలి రాపిడి, తీగ ఆనుకున్న రెండు చివరలు. సాధారణ గిటార్, వీణ ఈ మూడో దారిలోనే బతుకుతాయి. తీగ శక్తిని చెక్కకి ఇవ్వాలి, చెక్క గాలికి ఇవ్వాలి, అందుకే త్వరగా ఖర్చయిపోతుంది. లెస్ పాల్ అనే గిటారిస్టు 1940 ప్రాంతంలో నాలుగంగుళాల పైన్ దుంగకి నెక్, పికప్ బిగించి వాయించి చూశాడు. దుంగ కదలదు, తీగ శక్తి తీగలోనే ఉండిపోతుంది. దానికి 'లాగ్' అనే పేరు నిలిచింది. బోలు లేని గిటార్ వెనక ఉన్న ఆలోచన ఇదే.

అయినా ఒకే గిటార్ మీద ఒక ఫ్రెట్ దగ్గర స్వరం నిలిచి, పక్క ఫ్రెట్ దగ్గర చతికిలబడుతుంది. డెడ్ స్పాట్ అంటారు. జర్మనీలో హెల్ముట్ ఫ్లైషర్, టిల్మన్ జ్విక్కర్ 1990లలో కొలిచి చూస్తే దోషి నెక్ అని తేలింది. నెక్ కూడా తన సొంత ఫ్రీక్వెన్సీల్లో ఊగుతుంది. మనం నొక్కిన స్వరం దాంతో కలిస్తే తీగ శక్తిని నెక్ తాగేస్తుంది. నెక్ చివరి హెడ్‌స్టాక్‌కి చిన్న బరువు బిగిస్తే ఆ చచ్చుచోటు పక్కకి జరుగుతుంది, పోదు. దుకాణంలో గిటార్ చేతిలోకి తీసుకున్నప్పుడు నేను యాంప్ పెట్టను. సన్న తీగలు మూడింటి మీద ఒక్కో ఫ్రెట్టూ నొక్కి మీటుతూ పోతాను. రెండు మూడు పక్కపక్క స్వరాలు గభాలున అణిగిపోతే, ఎంత పేరున్న గిటారైనా పక్కన పెట్టేస్తాను. పికప్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, నెక్‌ని ఏం చేస్తాం?

ఇంతా చేసి, మనం వినే పొడవాటి స్వరంలో తీగ వాటా తక్కువ. మిగతాది యాంప్‌ది. పాత రేడియోల్లోలా గాజు వాల్వులతో పనిచేసే వాల్వు యాంప్ సిగ్నల్‌ని ఒక హద్దు దాకానే పెద్దది చేయగలదు, హద్దు దాటిన అలల శిఖరాలను కోసేస్తుంది. మీటిన క్షణంలో సిగ్నల్ హద్దుకి పది రెట్లు ఎక్కువుందనుకుందాం. తీగ ఊపు సగానికి పడినా, పావుకి పడినా బయటికొచ్చేది మాత్రం దాదాపు అదే మోత. పదో వంతుకి పడేదాకా చెవికి తగ్గినట్టే తెలియదు. తీగ నీరసించిపోతూనే ఉంది, స్వరం నిలబడే ఉంది. కోసిన శిఖరాల వల్ల పుట్టే కొత్త స్వరాంశాలు గరగరలాడకుండా ఉండాలంటే లోపలికి వెళ్లే సిగ్నల్ ముందే నునుపుగా ఉండాలి. నెక్ హమ్‌బకర్, తగ్గించిన టోన్ నాబ్ పని ఇక్కడ ఫలిస్తుంది. పికప్, యాంప్ ఒకదానికొకటి అందించుకునే చోటు ఇదే.

దీనికి పైమెట్టు ఫీడ్‌బ్యాక్. స్పీకర్ మోత గాలిలో వచ్చి తీగను మళ్లీ ఊపుతుంది, ఖర్చయిన శక్తి తిరిగి అందుతుంది, స్వరం ఎంతసేపైనా నిలుస్తుంది. ఏ స్వరం నిలుస్తుందన్నది యాంప్‌కి మనం ఎంత దూరంలో నిలబడ్డామన్నదాన్ని బట్టి ఉంటుంది. క్వీన్ బృందం గిటారిస్టు బ్రయాన్ మే దీన్ని గిటార్‌లోనే కట్టుకున్నాడు. 1963లో తండ్రితో కలిసి ఇంట్లోనే మొదలుపెట్టి సుమారు రెండేళ్లలో పూర్తిచేసిన గిటార్ అది. నెక్‌కి పాత నిప్పుగూడు పైచెక్క, స్వరాన్ని ఊపే ట్రెమొలో మీటకి మోటార్‌సైకిల్ వాల్వు స్ప్రింగులు, ఫ్రెట్‌బోర్డు మీద చుక్కలకి ముత్యపుచిప్ప గుండీలు. ఫీడ్‌బ్యాక్ సాయానికని ఒంట్లో ఖాళీలు వదిలాడు. కొన్న పికప్‌లు మూడూ సింగిల్ కాయిల్సే. పెద్ద మోతలో అవి కీచుమనకుండా లోపల ఆరాల్డైట్ జిగురు నింపి బిగించాడు, సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలిపాడు. రెండు సింగిల్ కాయిల్స్ సిరీస్‌లో చేరితే ఇండక్టెన్స్‌లు కూడుకుంటాయి, ఉబ్బు కిందికి దిగుతుంది, హమ్‌బకర్ దారిలోకే వచ్చేస్తుంది. హమ్‌బకరే కావాలని పట్టుబట్టేవాళ్లకి నేను ఈ గిటార్‌నే చూపిస్తాను.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకి వాల్వు యాంప్‌ని గట్టిగా మోగించే యోగం లేదు. హెడ్‌ఫోన్లలో గాలి దారి ఉండదు కాబట్టి ఫీడ్‌బ్యాకూ రాదు. శిఖరాలు కోసే పని మాత్రం చిన్న ఓవర్‌డ్రైవ్ పెడల్, డిజిటల్ యాంప్ కూడా బాగానే చేస్తాయి. డబ్బు కొంచెమే ఉంటే చచ్చుచోట్లు లేని మామూలు గిటార్, నెక్ దగ్గర ఒక మంచి హమ్‌బకర్, మిగిలినదంతా యాంప్ మీద పెట్టండి. ఇంటికి తెచ్చాక మొదటి సాయంత్రం రెండో తీగ మీద పదో ఫ్రెట్ నొక్కి ఒక్కసారి మీటండి, టోన్ నాబ్‌ని చివరిదాకా తగ్గించి నెమ్మదిగా వెనక్కి తిప్పుతూ రండి. స్వరం నోరు తెరుచుకునే చోటు ఒకటి వస్తుంది. అక్కడ ఆపి, వేలు కొద్దిగా ఊపండి.