అంతరిక్షంలో అద్దానికి తేమ ఎక్కడిదర్రా?

పిల్లలూ,

అంతరిక్షంలో గాలి లేదు, వాన లేదు, మరి టెలిస్కోప్ అద్దం మసకబారడం ఏంటి తాతయ్యా అని మొన్న ఫోన్లో అడిగారు కదా, మంచి ప్రశ్నర్రా, తీరిగ్గా రాస్తున్నా.

ఆ తేమ ఇక్కణ్ణుంచి వెళ్ళిందే. శ్రావణంలో మన అమలాపురంలో బీరువాలో బట్టలు ఎలా తేమ పీలుస్తాయో చూశారుగా, టెలిస్కోప్ కూడా అంతే, ఎంత శుభ్రమైన గదిలో కట్టినా అక్కడా గాలి ఉంటుంది, ఆ గాలిలో నీటి ఆవిరిని దానికి చుట్టే ప్లాస్టిక్ పొరలు, జిగుర్లు పీల్చేసుకుంటాయి, పైకెళ్ళాక శూన్యంలో అదంతా మెల్లగా బయటికొచ్చి చల్లగా ఉన్నచోట అంటుకుంటుంది.

యూక్లిడ్ అనే అంతరిక్ష టెలిస్కోప్‌కి అదే జరిగింది. యూరప్ వాళ్ళు 2023 జులై 1న పంపారు, నవంబర్‌లో చూస్తే ఒకే నక్షత్రం వెలుగు కొంచెం కొంచెంగా తగ్గుతోంది. నక్షత్రం బానే ఉంది, అద్దాల దారిలో మంచు పట్టింది, మందం నానోమీటర్లలోనే, అంటే మిల్లీమీటర్‌లో పదిలక్షో వంతుల్లో! మొత్తం వేడి చేసేస్తే పోతుంది కదా అంటారేమో, కానీ అప్పుడు లోపలి భాగాలన్నీ వ్యాకోచించి అద్దాల అమరిక చెదిరిపోవచ్చు, అందుకే ఒక్కో అద్దాన్నే వేడి చేద్దామనుకున్నారు. 2024 మార్చిలో మొదటి అద్దాన్ని మైనస్ 147 నుంచి మైనస్ 113 డిగ్రీలకి తెచ్చారు, అంతే, 15 శాతం వెలుగు ఎక్కువ వచ్చింది! నాకైతే ఇది చదివి ఎంత సంతోషమేసిందో.

హబుల్ టెలిస్కోప్‌ది ఇంకో రకం. 1990లో పంపినప్పుడు అద్దం వంపు తప్పిందనీ, 1993 డిసెంబర్‌లో వ్యోమగాములు వెళ్ళి సరిచేశారనీ అందరూ చెప్తారు, దాని చట్రం సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. రెండు అద్దాల మధ్య దూరం 4.9 మీటర్లు, వాటిని పట్టుకునే చట్రం కార్బన్ నారతో, జిగురుతో చేసింది, అందులో తేమ పోయేకొద్దీ అది కుంచించుకుపోయి ఫోకస్ తప్పేది, అప్పుడప్పుడు కిందనుంచి కమాండ్ పంపి చిన్న అద్దాన్ని మైక్రాన్లలో, అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతుల్లో, జరిపేవారు. అదికాక భూమి చుట్టూ తిరిగే 95 నిమిషాల చుట్టులో ఎండా నీడా మారుతూ ఫోకస్ కొద్దిగా ఊగుతూనే ఉంటుంది, దాన్ని లెక్కలో కలుపుకోవడమే.

మన శ్రీహరికోట నుంచి 2015లో వెళ్ళిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలో అతినీలలోహిత (అల్ట్రావయొలెట్) టెలిస్కోప్ మూతలు దాదాపు రెండు నెలలు తెరవలేదు, ముందు ఆవిర్లన్నీ పోనిచ్చారు. అతినీలలోహిత కిరణాలకి అద్దం మీది మురికి గట్టిపడిపోతుంది మరి.

యూక్లిడ్‌లో నీరు ఇంకా మిగిలే ఉంటుంది, మంచు మళ్ళీ పట్టొచ్చు, కానీ ముందు ఏ అద్దాన్ని వేడి చేయాలో ఇప్పుడు వాళ్ళకి తెలుసు.

మీ తాతయ్య